ఆస్ట్రేలియా ఎందుకు ఎండుతుంది, న్యూజిలాండ్ ఎందుకు తడుస్తుంది

క్లుప్తంగా: ఆస్ట్రేలియా, న్యూజిలాండ్ పేర్లను మనం ఒకే ఊపిరిలో పలుకుతాం. వాతావరణంలో, నేల తీరులో మాత్రం ఈ రెండింటికీ పోలిక చాలా తక్కువ. మొదటిది పైనుంచి పొడిగాలి దిగే చోట, అరిగిపోయిన పాత నేల మీద ఉంది. రెండోది సముద్రం మీంచి వచ్చే తడి పడమటి గాలికి అడ్డంగా, ఇంకా పైకి లేస్తున్న కొండలతో నిలబడింది. వాన, నది, పంట, కార్చిచ్చు, భూకంపం అన్నిటి తేడా ఇక్కడే మొదలవుతుంది.

జనవరిలో వార్తలు చూస్తే ఒక వారం విక్టోరియా రాష్ట్రంలో కార్చిచ్చు అంటారు, మరో వారం ఆక్లాండ్‌లో వరద అంటారు. రెండు చోట్లా అది నడివేసవే. రెండూ భూగోళం అడుగున ఒకే మూల ఉన్నట్టు కనిపిస్తాయి. పిల్లల్ని చదువుకో ఉద్యోగానికో అటు పంపిన తెలుగు కుటుంబాలకు ఇది తికమకగానే ఉంటుంది.

ముందు కొలతలు చూద్దాం. పటంలో న్యూజిలాండ్ పెద్ద ఖండం పక్కన రాలిపడిన ముక్కలా ఉంటుంది. దాని విస్తీర్ణం సుమారు 2.68 లక్షల చదరపు కిలోమీటర్లు. ఆంధ్రప్రదేశ్, తెలంగాణ రెండూ కలిపితే 2.75 లక్షలు. అంటే రెండు తెలుగు రాష్ట్రాలంత దేశం అది. అందులో ఉండే జనం 50 లక్షల పైచిలుకు, అంటే హైదరాబాద్ జనాభా కన్నా తక్కువ. ఆస్ట్రేలియా దాదాపు 77 లక్షల చదరపు కిలోమీటర్లు, భారతదేశానికి రెండింతల పైన. జనం మాత్రం 2.7 కోట్ల దగ్గర ఉన్నారు. ఈ రెండూ ఇరుగుపొరుగు అనుకోవడం కూడా పటం చేసే మాయే. నడుమ టాస్మన్ సముద్రం ఉంది. సిడ్నీ నుంచి ఆక్లాండ్‌కు సుమారు 2,150 కిలోమీటర్లు, విమానంలో మూడు గంటల ప్రయాణం.

గాలి దిగే చోటు, గాలి వీచే చోటు

భూమధ్యరేఖ దగ్గర వేడెక్కిన గాలి పైకి లేచి, వాన కురిపించి, తడి పోగొట్టుకుని రెండు ధ్రువాల వైపూ సాగుతుంది. సుమారు 30 డిగ్రీల అక్షాంశం దగ్గర అది మళ్లీ కిందికి దిగుతుంది. దిగే గాలి నొక్కుకుపోయి, ప్రతి కిలోమీటరుకు దాదాపు 10 డిగ్రీలు వేడెక్కుతుంది. వేడెక్కిన గాలిలో మబ్బు నిలవదు. అక్కడ ఏర్పడేదే అధిక పీడన పట్టీ. సహారా, అరేబియా ఎడారులు ఉత్తరార్ధగోళంలో ఈ పట్టీ కిందే ఉన్నాయి. దక్షిణార్ధగోళంలో అదే పట్టీ సరిగ్గా ఆస్ట్రేలియా నడిబొడ్డు మీంచి పోతుంది.

మరి ఉత్తర భారతం కూడా అదే అక్షాంశాల దగ్గరే ఉంది కదా, అక్కడ సహారా ఎందుకు లేదు? టిబెట్ పీఠభూమి, హిమాలయాలు, దక్షిణాన వెచ్చని మహాసముద్రం కలిసి రుతుపవనాన్ని చాలా లోపలికి లాగుతాయి. ఆస్ట్రేలియాకు అలాంటి ఎత్తయిన పీఠభూమి లేదు. దానికీ రుతుపవనం ఉంది. నవంబరు నుంచి ఏప్రిల్ వరకు డార్విన్‌లో కుండపోతగా కురిసే వాన అదే, అక్కడ ఏడాది మొత్తం 1,700 మి.మీ. దాటుతుంది. కానీ ఆ వాన ఉత్తరపు అంచును తడిపి ఆగిపోతుంది. దేశమంతటి సగటు తీస్తే ఏడాదికి సుమారు 465 మి.మీ. మాత్రమే. కరువు పేరు చెబితే గుర్తొచ్చే అనంతపురం జిల్లా సగటు 550 మి.మీ. పైనే. ఒక ఖండం మొత్తం సగటు అనంతపురం కన్నా తక్కువ.

న్యూజిలాండ్ ఈ పట్టీకి దక్షిణంగా, 34 నుంచి 47 డిగ్రీల మధ్య ఉంది. 40 డిగ్రీలు దాటాక పడమటి గాలులకు అడ్డనేదే లేదు. దక్షిణ అమెరికా కొస, టాస్మేనియా, న్యూజిలాండ్ తప్ప ఆ వలయంలో దాదాపు అంతా నీళ్లే. ఓడల కాలం నాటి నావికులు వీటికి 'గర్జించే నలభైలు' అని పేరు పెట్టారు. వేల కిలోమీటర్లు సముద్రం మీద తడిసిన ఆ గాలి న్యూజిలాండ్ పడమటి తీరాన్ని నేరుగా తాకుతుంది.

ఆ అధిక పీడన పట్టీ ఒకచోట స్థిరంగా ఉండదు. చలికాలంలో ఉత్తరానికి జరిగి పడమటి తడిగాలికి దారి ఇస్తుంది, వేసవిలో దక్షిణానికి వస్తుంది. అందుకే పెర్త్‌లో వాన చలికాలంలో కురుస్తుంది, వేసవి పూర్తిగా ఎండే. ఆ చలికాలపు వాన 1970ల నుంచి తగ్గుతూ వచ్చింది. వానలు మోసుకొచ్చే పడమటి వాయుగుండాలు మరింత దక్షిణానికి జరగడం దానికి ముఖ్య కారణం. వాన కొంత తగ్గితే చెరువులోకి వచ్చే నీరు అంతకు అనేక రెట్లు తగ్గుతుంది. ఎండిన నేల ముందు తాను తాగి, ఆ మిగిలిందే పారనిస్తుంది. పెర్త్ నగరం 2006లో సముద్రపు నీటిని మంచినీరుగా మార్చే కర్మాగారం తెరవాల్సి వచ్చింది అందుకే.

గోడకు అటూ ఇటూ

న్యూజిలాండ్ దక్షిణ దీవిని పొడవునా సదరన్ ఆల్ప్స్ కొండలు చీలుస్తాయి. అన్నిటికన్నా ఎత్తయిన అవోరాకి శిఖరం 3,724 మీటర్లు. 1991లో దాని కొస విరిగిపడి పది మీటర్లు తగ్గింది, ఆ తర్వాత మంచు కరుగుతూ మరింత తగ్గింది. ఆస్ట్రేలియాలో అత్యధిక ఎత్తు కొజియస్కో, 2,228 మీటర్లు. అయితే శిఖరాల కన్నా సగటును చూస్తే అసలు సంగతి తెలుస్తుంది. ఆస్ట్రేలియా సగటు ఎత్తు 330 మీటర్ల దగ్గర ఉంటుంది, హైదరాబాద్ అంతకన్నా ఎత్తున ఉంది. గాలిని పైకి నెట్టి వాన పిండే కొండ ఆ ఖండంలో తూర్పు తీరం వెంట తప్ప ఎక్కడా పెద్దగా లేదు.

న్యూజిలాండ్‌లో ఈ పిండటం ఎంత తీవ్రంగా ఉంటుందో అంకెలే చెబుతాయి. పడమటి తీరపు హోకిటికాలో ఏడాదికి సుమారు 2,900 మి.మీ. వాన. కొండల మీద క్రాప్ నది దగ్గర 11,000 మి.మీ. దాటుతుంది, మన మేఘాలయలోని మాసిన్రామ్‌తో పోల్చదగ్గ వాన అది. గోడ దాటి తూర్పున దిగితే క్రైస్ట్‌చర్చ్‌లో 600 మి.మీ. పైచిలుకు మాత్రమే. సెంట్రల్ ఒటాగో ప్రాంతపు అలెగ్జాండ్రాలో 350 మి.మీ. దగ్గర ఆగిపోతుంది. హోకిటికా, క్రైస్ట్‌చర్చ్‌ల మధ్య గీత గీస్తే దూరం సుమారు 150 కిలోమీటర్లు.

వాన కురిపించాక దిగే గాలి పొడిగా మారడమే కాదు, వేడెక్కుతుంది కూడా. లెక్క వేసి చూడొచ్చు. సముద్రం దగ్గర 20 డిగ్రీలున్న గాలి మొదటి 500 మీటర్లు ఎక్కేసరికి 15 డిగ్రీలవుతుంది. అక్కడ మబ్బు కట్టడం మొదలైతే, ఆవిరి నీరుగా మారేటప్పుడు వెలువడే వేడి వల్ల చల్లబడటం మందగిస్తుంది. కిలోమీటరుకు 6 డిగ్రీల చొప్పున ఇంకో 1,500 మీటర్లు ఎక్కితే 6 డిగ్రీలకు చేరుతుంది. ఆవలి వైపు మబ్బు లేకుండా 2,000 మీటర్లు దిగితే కిలోమీటరుకు 10 డిగ్రీలు పెరిగి 26 అవుతుంది. ఒకే గాలి, ఒకే ఎత్తు, కొండ దాటేసరికి 6 డిగ్రీలు ఎక్కువ. క్రైస్ట్‌చర్చ్ వాళ్లు 'నార్‌వెస్టర్' అనే వాయవ్యపు వేడిగాలి ఇదే. న్యూజిలాండ్ అత్యధిక ఉష్ణోగ్రత 42.4 డిగ్రీలు 1973 ఫిబ్రవరి 7న, క్రైస్ట్‌చర్చ్ పక్కనున్న రంగియోరాలో ఇలాంటి గాలి వీచినప్పుడే నమోదైంది. చల్లటి దేశం అనుకున్న చోట 42 డిగ్రీలు ఎలా వచ్చాయన్న ప్రశ్నకు జవాబు ఎడారిలో వెతికితే దొరకదు, కొండలోనే ఉంది.

టాస్మేనియా దీవి దేశం రీత్యా ఆస్ట్రేలియాదే, వాన తీరులో మాత్రం న్యూజిలాండ్‌కు దగ్గర. అక్కడా పడమటి కొండలు తడిగా ఉంటాయి, తూర్పున హోబార్ట్‌లో 600 మి.మీ. అటూ ఇటూ పడుతుంది. దేశాల సరిహద్దులకు గాలితో పని లేదు.

నది లెక్క టీఎంసీల్లో

ఆస్ట్రేలియాలో అతి పెద్ద నదీ వ్యవస్థ మర్రే–డార్లింగ్. దాని పరీవాహక ప్రాంతం 10 లక్షల చదరపు కిలోమీటర్ల పైన, గోదావరి పరీవాహకానికి మూడు రెట్లకు మించి. అందులోకి ఏడాదికి సగటున వచ్చే నీరు 32,000 గిగా లీటర్ల పైచిలుకు, మన భాషలో సుమారు 1,100 టీఎంసీలు. గోదావరికి ఈ సగటు దాదాపు 3,900 టీఎంసీలు. అంత పెద్ద నేల మీద పడ్డ వానలో అధిక భాగం నదిని చేరకుండానే ఆవిరైపోతుంది. నేల చదునుగా ఉండటంతో పారకం నెమ్మది, పారకం నెమ్మదైన కొద్దీ ఎండకు దొరికే సమయం ఎక్కువ. డార్లింగ్ నది కొన్నేళ్లు గుంటలు గుంటలుగా విడిపోయి నిలిచిపోతుంది.

ఇప్పుడు న్యూజిలాండ్‌లోని క్లూథా నదిని పక్కన పెట్టి చూడాలి. పరీవాహకం సుమారు 21,000 చదరపు కిలోమీటర్లు, అంటే మర్రే–డార్లింగ్‌లో యాభయ్యో వంతు. ప్రవాహం సెకనుకు సగటున 600 ఘనపు మీటర్లకు పైన, ఏడాదికి దాదాపు 680 టీఎంసీలు. యాభయ్యో వంతు నేల నుంచి సగానికి మించిన నీరు.

అంత నీరుంటే కరెంటుకు దిగులేమిటి అనిపిస్తుంది. న్యూజిలాండ్ విద్యుత్తులో సగానికి పైగా నీటి నుంచే వస్తుంది. అయినా ఆ దేశానికి 'ఎండు సంవత్సరం' అనే భయం ఉంది. జూన్, జులైలలో హీటర్ల వాడకం వల్ల కరెంటు గిరాకీ పెరుగుతుంది. సరిగ్గా అప్పుడే కొండల మీద పడేది వాన కాదు, మంచు. అది వసంతంలో కరిగేదాకా చెరువులకు రాదు. పైగా అక్కడి జలాశయాల్లో వాడుకోగలిగే నిల్వ తక్కువ. శ్రీశైలం, నాగార్జునసాగర్‌లా ఒక కాలపు వరదను పట్టి మరో కాలానికి దాచుకునే సామర్థ్యం వాటిలో కొన్ని వారాలకే సరిపోతుంది. శరదృతువులో వాన తప్పితే చలికాలంలో ధరలు ఎగబాకుతాయి. 2024 ఆగస్టులో జరిగింది ఇదే.

పాత నేల, కదిలే నేల

పడమటి ఆస్ట్రేలియాలోని జాక్ హిల్స్‌లో దొరికిన జిర్కాన్ స్ఫటికాల వయసు 440 కోట్ల ఏళ్ల వరకు ఉంది, భూమి మీద దొరికిన అతి పాత ఖనిజం అది. కోట్ల ఏళ్లుగా అగ్నిపర్వతాలు గానీ, పెద్ద హిమానీనదాలు గానీ కొత్త మట్టిని తెచ్చి వేయకపోవడంతో ఉన్న మట్టిలోని ఫాస్ఫరస్ కొట్టుకుపోయింది. అక్కడి గోధుమ పంట ఫాస్ఫేట్ ఎరువు మీదే ఆధారపడింది.

ఎరువుతో తీరని సమస్య ఇంకొకటి ఉంది, చౌడు. సముద్రపు గాలి, వాన వేల ఏళ్లుగా తెచ్చిన ఉప్పు అడుగు పొరల్లో పేరుకుంది. లోతుగా వేళ్లు పాతిన యూకలిప్టస్ చెట్లు పడ్డ నీటినంతా తాగేసి ఆ ఉప్పును అడుగునే ఉంచాయి. గోధుమ కోసం అడవి నరికాక, వేళ్లు లోతుకు పోని పైరు ఆ నీటిని పూర్తిగా వాడుకోలేకపోయింది. మిగిలిన నీరు భూగర్భ మట్టాన్ని పైకి నెట్టింది, నీటితో పాటు ఉప్పూ లేచింది. మన డెల్టాల్లో కాలువ నీరు ఎక్కువై చౌడు బారుతుంది. అక్కడ కాలువ లేకుండానే, చెట్టు పోయినందుకే పొలం తెల్లబారింది. విరుగుడుగా మళ్లీ లోతైన వేళ్లున్న చెట్లు, ఏళ్ల తరబడి నిలిచే పశుగ్రాసం నాటాల్సి వస్తోంది. ఫలితం కనబడటానికి దశాబ్దాలు పడుతుంది.

న్యూజిలాండ్ సంగతి తలకిందులు. భూమి పై పొర కొన్ని కదిలే పలకలుగా, అంటే ఫలకాలుగా ఉంటుంది. న్యూజిలాండ్ ఆస్ట్రేలియా, పసిఫిక్ ఫలకాలు ఒరుసుకునే అంచు మీదే ఉంది. ఎనిమిది కోట్ల ఏళ్ల కిందట గోండ్వానా అనే పాత మహాఖండం నుంచి విడిపోయిన జీలాండియా అనే పెద్ద భూభాగంలో నీటి పైన మిగిలిన ఐదారు శాతమే ఇప్పటి న్యూజిలాండ్. దక్షిణ దీవి పడమటి అంచున ఆల్పైన్ భ్రంశం, అంటే రాతి పొరల చీలిక, నేల మీద సుమారు 600 కిలోమీటర్లు సాగుతుంది. దాని ఇరుపక్కలా ఏటా దాదాపు 3 సెంటీమీటర్ల కదలిక కూడుతోంది. సదరన్ ఆల్ప్స్ ఏటా సెంటీమీటరు దాకా లేస్తాయి. అంతే వేగంగా వాన వాటిని కోసేస్తుంది. ఆ కోసిన రాయి, ఇసుక కిందికి కొట్టుకొచ్చి కాంటర్‌బరీ మైదానం తయారైంది.

ఆ మైదానం చివర బురద, ఇసుక పొరల మీద కట్టిన ఊరే క్రైస్ట్‌చర్చ్. 2011 ఫిబ్రవరి 22న వచ్చిన భూకంపం తీవ్రత 6.2. అంకె చూస్తే మరీ పెద్దదేమీ కాదు, కానీ ఊరికి అతి దగ్గరలో, తక్కువ లోతులో వచ్చింది. 185 మంది చనిపోయారు. భూగర్భ నీరు పైపైనే ఉన్న ఇసుక నేల కుదుపుకు గట్టిదనం కోల్పోయి బురదలా ఉబికింది. సుమారు 8,000 ఇళ్లున్న ప్రాంతంలో మళ్లీ కట్టుకోనివ్వకుండా స్థలాలను వదిలేయాల్సి వచ్చింది. ఆల్పైన్ భ్రంశం చివరిసారి పూర్తిగా కదిలింది 1717లో. సగటున మూడు వందల ఏళ్లకోసారి కదులుతుందని అక్కడి మట్టి పొరలు చెబుతున్నాయి. ఆస్ట్రేలియాకు భూకంపాలు లేవనడం సరికాదు. 1989 డిసెంబరు 28న న్యూకాజిల్‌లో 5.6 తీవ్రతకే 13 మంది పోయారు. అయితే ఫలకం నడుమ ఉండటం వల్ల అలాంటివి అరుదు.

మెల్‌బోర్న్‌లో గాలి మారే పూట

మెల్‌బోర్న్, ఆక్లాండ్‌ల అక్షాంశాల మధ్య తేడా ఒక డిగ్రీ. ఆక్లాండ్‌లో 30 డిగ్రీలు దాటడమే అరుదు. మెల్‌బోర్న్‌లో 2009 ఫిబ్రవరి 7న 46.4 నమోదైంది. న్యూజిలాండ్‌లో ఏ ఊరూ సముద్రానికి 130 కిలోమీటర్లకు మించి దూరం లేదు, ఎటు నుంచి గాలి వచ్చినా నీటి మీంచే రావాలి. మెల్‌బోర్న్‌కు ఉత్తరాన వేయి కిలోమీటర్ల దాకా ఎండిన నేల ఉంది.

ప్రమాదం నడిచే క్రమం ఇలా ఉంటుంది. టాస్మన్ సముద్రం మీద అధిక పీడనం కదలకుండా నిలుస్తుంది. దాని పడమటి అంచున ఉత్తరపు గాలి మొదలై ఎడారి వేడిని తీరానికి తోస్తుంది, తేమ పది శాతం కిందికి పడిపోతుంది. నిప్పు పుడితే దక్షిణ దిశగా సన్నగా, పొడుగ్గా సాగుతుంది. ఇంతలో పడమటి నుంచి చల్లటి గాలి దండు వస్తుంది. గంటలోపే 15, 20 డిగ్రీలు తగ్గుతాయి. నగరంలో ఉన్నవాళ్లకు హాయిగా ఉంటుంది. మంట దగ్గర మాత్రం గాలి ఒక్కసారిగా నైరుతికి మారి, అప్పటిదాకా పక్కవాటుగా ఉన్న పొడవాటి అంచు మొత్తం ముందుకు నడిచే మంటగా మారుతుంది. కిలోమీటరు వెడల్పున్న మంట పది, ఇరవై కిలోమీటర్ల వెడల్పవుతుంది. 2009లో మేరీస్‌విల్ ఊరు కాలిపోయింది గాలి మారిన తర్వాతే. ఆ ఒక్క రోజు మంటల్లో 173 మంది ప్రాణాలు పోయాయి.

ఆ అడవుల్లో ఎక్కువ భాగం యూకలిప్టసే, మనం జామాయిల్ అనే చెట్టు జాతి. ఆకులో నూనె, పట్టలుగా ఊడే బెరడు. ఊడిన బెరడు మండుతూ గాలికెగిరి కిలోమీటర్ల అవతల కొత్త మంట పెడుతుంది. కాబట్టి అక్కడ చల్లగాలి వస్తోందన్న కబురు వినగానే ఊపిరి పీల్చుకోకూడదు, ఆ గంటే అన్నిటికన్నా ప్రమాదం.

మన వానకూ వాళ్ల కరువుకూ లంకె

హిందూ మహాసముద్రంలో ఆఫ్రికా వైపు నీరు వెచ్చబడి, సుమత్రా వైపు చల్లబడితే దాన్ని సానుకూల ద్విధ్రువం అంటారు. అది సాధారణంగా మన రుతుపవనానికి మేలు. అదే సమయంలో ఆస్ట్రేలియాకు వాయవ్యం నుంచి వెళ్లే తేమ తగ్గిపోతుంది. 2019లో ఇది చాలా బలంగా వచ్చింది. మన దేశంలో ఆ ఏడాది నైరుతి వాన సగటులో 110 శాతం. ఆగస్టులో శ్రీశైలం, నాగార్జునసాగర్ గేట్లు ఎత్తారు. రుతుపవనం వెనుదిరగడం అక్టోబరు 9న గానీ మొదలు కాలేదు, అప్పటికి అదే అత్యంత ఆలస్యం. ఇక్కడ నిలిచిపోయిన రుతుపవనం దక్షిణానికి జరగడమూ ఆలస్యమై, డార్విన్‌కు జనవరి నడిమికి గానీ చేరలేదు. ఆస్ట్రేలియాకు 2019 రికార్డుల్లో అత్యంత ఎండిన, అత్యంత వేడి సంవత్సరం. సగటు వాన 277 మి.మీ. దగ్గర ఆగింది. ఆ వేసవి మంటలకు సుమారు 2.4 కోట్ల హెక్టార్లు కాలాయి. పడమటి గాలి ఆ పొగను టాస్మన్ దాటించింది. 2020 జనవరి 5న ఆక్లాండ్ ఆకాశం నారింజ రంగుకు తిరిగింది, సదరన్ ఆల్ప్స్ మంచు మీద మసి వాలింది. ఒక్క ద్విధ్రువమే దీనంతటికీ కారణం కాదు, అయినా కృష్ణ వరదకూ ఆ పొగకూ ఒకే సముద్రంలో మూలం ఉంది.

పసిఫిక్ మధ్య, తూర్పు భాగాల్లో నీరు మామూలు కన్నా చల్లబడే లానినా వచ్చినప్పుడు లెక్క వేరు. తూర్పు ఆస్ట్రేలియాలో వరదలు వస్తాయి, 2022 ఫిబ్రవరి చివర లిస్మోర్ పట్టణంలో నది 14 మీటర్లు దాటింది. న్యూజిలాండ్‌లో అలవాటైన పడమటి గాలి బలహీనపడి ఈశాన్యపు తడిగాలి వస్తుంది. దాంతో ఉత్తర దీవి తూర్పు వైపు నానిపోతుంది, ఎప్పుడూ తడిసే దక్షిణ దీవి పడమర ఎండుతుంది. 2023 జనవరి 27 ఆక్లాండ్ వరద, ఫిబ్రవరి గాబ్రియెల్ తుపాను ఇలాంటి కాలంలోనే వచ్చాయి. బంగాళాఖాతపు తుపాను తీరం దాటాక గంటల్లో నీరసిస్తుందని కోస్తా వాళ్లకు తెలుసు. న్యూజిలాండ్‌కు చేరే తుపాను అప్పటికే ఉష్ణమండల రూపం వదిలి, పై ఎత్తుల వేగపు గాలితో కలిసి వందల కిలోమీటర్ల మేర పరచుకుంటుంది. కేంద్రం ఎక్కడుందో చూసి దూరంగా ఉన్నామని ధైర్యపడితే పొరపాటు.

అక్కడ కాపురం పెట్టేవాళ్లకు

సూర్యుడు అక్కడ ఉత్తరం వైపు నుంచి వెలుగిస్తాడు. చలికాలపు ఎండ ఇంట్లోకి రావాలంటే హాలు కిటికీలు ఉత్తరానికి ఉండాలి. దక్షిణం వైపు గదుల్లో గోడలకు తేమ, బూజు పడతాయి. ఆక్లాండ్ చలికాలం 8, 10 డిగ్రీలే కదా అని తేలిగ్గా తీసుకుంటే, తేమ వల్ల అది ఎముకల్లోకి దిగుతుంది. రోజుకు రెండుసార్లు పది నిమిషాలు కిటికీలు తెరవాలి, ఇంట్లో బట్టలు ఆరేయకూడదు. 2025 జులై నుంచి న్యూజిలాండ్‌లో అద్దె ఇళ్లన్నిటికీ హాలును 18 డిగ్రీలకు వేడిచేయగల హీటరు తప్పనిసరి, ఇల్లు తీసుకునే ముందు అడిగి చూసుకోవచ్చు.

ఎండ చురుకు ఉష్ణోగ్రతలో కనబడదు. జనవరిలో భూమి సూర్యుడికి దగ్గరగా ఉంటుంది, గాలిలో దుమ్ము తక్కువ, ఓజోన్ కూడా తక్కువే. 22 డిగ్రీల రోజున కూడా న్యూజిలాండ్ మధ్యాహ్నంలో పావుగంటకే చర్మం కమిలిపోవచ్చు. తెల్లటి చర్మం ఉన్నవాళ్ల సమస్య అనుకుని వదిలేయకుండా టోపీ, సన్‌స్క్రీన్ వాడాలి.

ఆస్ట్రేలియాలో వేసవి పొద్దున చూడాల్సింది అగ్ని ప్రమాద స్థాయి. 2022 సెప్టెంబరు నుంచి దేశమంతటా నాలుగు మెట్లు ఉన్నాయి. చివరి మెట్టు ప్రకటిస్తే అడవి అంచు ఊళ్ల నుంచి ముందు రాత్రే గానీ పొద్దున్నే గానీ బయటపడాలి, పొగ కనిపించాక బయల్దేరితే దారి మూసుకుపోతుంది. న్యూజిలాండ్‌లో మనిషికి రోజుకు 3 లీటర్ల చొప్పున కనీసం మూడు రోజుల నీరు ఇంట్లో నిలవ ఉంచాలి. కుదుపు మొదలైతే బయటికి పరిగెత్తకూడదు, బల్ల కింద దూరి బల్ల కాలు పట్టుకుని ఉండాలి. తీరంలో ఉన్నవాళ్లు కుదుపు నిమిషానికి మించినా, నిలబడలేనంత బలంగా ఉన్నా సైరన్ కోసం ఆగకుండా, కుదుపు ఆగగానే ఎత్తయిన చోటికి నడవాలి. భ్రంశం తీరానికి దగ్గరగా ఉన్నప్పుడు అల వచ్చేలోపు మిగిలేది నిమిషాలే.